కంప్యూటర్‌కు మా నాన్న లెక్క నేర్పాను

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెల ఒక ఆదివారం మీ పత్రికలో చదువుల గురించి ఒక వ్యాసం వచ్చింది. అందులో "కంప్యూటర్‌కు రాని లెక్క లేదు, ఇక లెక్కల మాస్టార్లతో పనేముంది" అనే ధోరణిలో ఒక వాక్యం ఉంది. ముప్పై మూడేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి కాస్త గుచ్చుకుంది. అది పక్కన పెడితే, కంప్యూటర్‌కు రాని లెక్క ఒకటి నాకు తెలుసు. మా నాన్న లెక్క. దాన్ని దానికి నేర్పడానికి ఈ మధ్యనే నాకు ఐదు నెలలు పట్టింది. ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

మాది రాజాం. నేను పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా. పెళ్లయి విజయనగరం వచ్చేశాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం కూడా విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకుండానే నా పుట్టిల్లు నా వెనకాలే వచ్చి చేరింది. నాన్న అక్కడ ఒక గోగునార కొట్లో గుమస్తా. పగలంతా తూకాలు, సాయంత్రం చిట్టా, ఆవర్జా. గుణకారం చేసి ఊరుకునేవారు కాదు. పక్కన చిన్న ఇంటూ గుర్తులా రెండు గీతలు గీసి, నాలుగు మూలల్లో నాలుగు అంకెలు వేసేవారు. నేను పలక మీద లెక్క చేసి చూపిస్తే, "ఓలమ్మీ, తొమ్మిదులు కొట్టేసి సూడే" అనేవారు.

మీ పాఠకుల్లో పెద్దవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. 386ను 47తో గుణిస్తే 18,142. సరిపోయిందో లేదో చూడాలంటే అంకెలు కూడాలి. 3, 8, 6 కలిపితే 17. ఒకటీ ఏడూ ఎనిమిది. 47లో నాలుగూ ఏడూ పదకొండు. ఒకటీ ఒకటీ రెండు. ఎనిమిది రెళ్లు పదహారు, అంటే ఏడు. ఇప్పుడు జవాబులోని అంకెలు కూడితే 16, అంటే ఏడు. రెండు వైపులా ఏడే వచ్చింది కాబట్టి లెక్క సరే. కూడేటప్పుడు మధ్యలో తొమ్మిది తగిలితే కొట్టేసి ముందుకు పోవచ్చు, జవాబు మారదు. అందుకే ఆ పేరు. పది, వంద, వెయ్యి ఇలా దేన్ని తొమ్మిదితో భాగించినా శేషం 1 వస్తుంది. అందువల్ల ఏ సంఖ్యకైనా, దాని అంకెల మొత్తానికైనా తొమ్మిదితో వచ్చే శేషం ఒకటే. నాన్నకు ఈ రుజువు తెలియదు, దాంతో ఆయనకు పనీ పడలేదు.

పైన 386, 47 అని ఊరికే రాయలేదు. నేను ఐదో క్లాసులో ఉండగా నాన్న ఆ రోజు వేసిన లెక్క అది. 386 కట్టల గోగునార, కట్ట 47 రూపాయలు. చిత్తు కాగితం మీద 18,142 అని సరిగ్గానే వచ్చింది. చిట్టాలోకి ఎక్కించేటప్పుడు 18,412 అని రాశారు. ఒకటీ నాలుగూ తారుమారు. అలవాటు ప్రకారం తొమ్మిదులు కొట్టేసి చూశారు. అంకెలు అవే కదా, స్థానాలు మారాయి అంతే. మొత్తం 16, మళ్లీ ఏడే. సరుకు ఇచ్చినవాళ్లకు 270 రూపాయలు ఎక్కువ వెళ్లిపోయాయి. తిరిగి రాలేదు. షావుకారు నెలకు 15 చొప్పున 18 నెలలు జీతంలో పట్టుకున్నారు. ఆ ఏడాదిన్నరలో మా ఇంట్లో కొత్త బట్టలు కుట్టించిన గుర్తు నాకు లేదు. 270ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 30. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే, కాబట్టి తొమ్మిదుల లెక్క దాన్ని పట్టుకోలేదు. ఈ విషయం నాకు డిగ్రీలో తెలిసింది. నాన్నకు చెప్పలేదు.

మూడేళ్ల కిందట రాజాంలో ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద ఆ చిట్టాలు దొరికాయి. సగం చెదలు తినేశాయి. మిగిలినవాటిలో నాన్న లెక్కలు ఎన్ని సరో చూద్దామని కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. నేను వాడేది మాక్సిమా అనే ఉచిత సాఫ్ట్‌వేర్. వీటిని కంప్యూటర్ ఆల్జీబ్రా సిస్టమ్స్ అంటారు. మామూలు కాలిక్యులేటర్‌కు సంఖ్యలే తెలుసు. ఇది అక్షరాలతో లెక్క చేస్తుంది. ఎక్స్ విలువ చెప్పకపోయినా ఎక్స్ స్క్వేర్‌ను అవకలనం చేసి రెండు ఎక్స్ అంటుంది. వర్గమూలం రెండును 1.414 అని చెడగొట్టకుండా వర్గమూలం రెండుగానే ఉంచుతుంది. 1968లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన పాత ప్రోగ్రాం దీనికి తల్లి. తల్లి పేరూ బిడ్డ పేరూ తెలుగులో రాస్తే ఒక్కలాగే ఉంటాయి, ఇంగ్లిష్ స్పెల్లింగే వేరు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే విలియం షెల్టర్ అనే ఆయన 1982 నుంచి ఒక ప్రతిని కాపాడుకుంటూ వచ్చి, 1998లో అమెరికా ఇంధన శాఖ దగ్గర అనుమతి తెచ్చుకుని, ఎవరైనా వాడుకునేలా, లోపల ఏముందో ఎవరైనా చూసుకునేలా ఇచ్చేశారు. 2001లో పోయారు. ఆయన్ని నేనెరగను గానీ, పొద్దున కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఒకసారి తలుచుకుంటాను.

ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో తొమ్మిదులు కొట్టేసే ప్రమేయం (ఫంక్షన్) నేను వెతికిన మేరకు దొరకలేదు. సరే, మనమే పెడదాం అనుకున్నాను. ఒక్క పంక్తి పని కదా. అంకెలు మళ్లీ మళ్లీ కూడనక్కర్లేదు. సంఖ్యలోంచి ఒకటి తీసేసి, తొమ్మిదితో భాగించి, శేషానికి ఒకటి కలిపితే అదే వస్తుంది. 18,142లో ఒకటి తీస్తే 18,141. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. ఒకటి కలిపితే 7. రాశాను, పని చేసింది. రెండు ఘాతం వెయ్యి ఇచ్చాను. 302 అంకెల సంఖ్య అది. రెప్పపాటులో ఏడు అంది. నాన్న ఉంటే ఆ ఏడు చూసి నవ్వేవారు.

తర్వాత సున్నా ఇచ్చాను. తొమ్మిది అంది.

సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. మైనస్ ఒకటిని తొమ్మిదితో భాగిస్తే మాక్సిమా లెక్కలో శేషం ఎనిమిది. ఒకటి కలిపితే తొమ్మిది. కొట్లో గోగునార పోగు లేకపోయినా తొమ్మిది కట్టలున్నాయని చిట్టా రాసినట్టయింది. దానికేముంది, "సున్నా అయితే సున్నా, లేకపోతే పై లెక్క" అని ఒక షరతు చేర్చాను. సున్నాకు సున్నా వచ్చింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

మా తమ్ముడి కొడుకు విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. శనివారాలు మా ఇంటికి వస్తాడు. వాడికి చూపిస్తే, సంఖ్య ఇవ్వకుండా ఎన్ అనే అక్షరం ఇచ్చి చూశాడు. ఎన్ లోంచి ఒకటి తీసి తొమ్మిదితో భాగించిన శేషానికి ఒకటి కలుపు అని జవాబు వచ్చింది. ఆ జవాబులో ఎన్ స్థానంలో సున్నా పెట్టాడు. మళ్లీ తొమ్మిది.

"అత్తా, నీ షరతు ఏమైంది?"

దాని వెనక పడి రెండు రోజులు తిరిగాను. ఎన్ సున్నాయా అని నేను అడిగిన ప్రశ్నకు మాక్సిమా "కాదు" అని చెప్పేసింది. మామూలు సమానం గుర్తుతో అడిగితే అది రాతను రాతతో పోలుస్తుంది. ఈ పక్క ఎన్ అని ఉంది, ఆ పక్క సున్నా అని ఉంది, రెండూ ఒకే రాత కాదు, కాబట్టి కాదు. ఎన్ లోపల ఏముందో దానికి తెలియదు. తెలియకపోవడాన్ని అది కాదనుకుంది. ఈ రెంటి మధ్య తేడా తెలిసిన మాట దానిలోనే ఇంకొకటి ఉంది. ఈక్వల్ అనే మాటతో అడిగితే "తెలియదు" అని నిజం చెబుతుంది. ఇది మాక్సిమా వాడుక పుస్తకంలో రాసే ఉంది. నేను చదవలేదు. పిల్లల్ని మాత్రం ముప్పై మూడేళ్లు "ప్రశ్న సరిగ్గా చదువమ్మా" అని చంపాను.

సరే, ఈక్వల్‌తో షరతు రాస్తే తప్పు పోయింది. కానీ జవాబు చూడాలి మీరు. తొమ్మిదులు కొట్టేసిన ఎన్ అని ఒక్క మాటలో ఉండాల్సింది, "ఎన్ సున్నా అయితే ఇది, లేకపోతే అది" అని తెర నిండా వచ్చింది. దాన్ని మళ్లీ ఇంకోసారి తొమ్మిదులు కొట్టెయ్యమంటే షరతులో షరతు. సైన్ ఎక్స్ అని అడిగితే మాక్సిమా సైన్ ఎక్స్ అనే ఊరుకుంటుంది గానీ, సైన్ లెక్కగట్టే పద్ధతంతా విప్పి మన ముందు పోయదు. జవాబులో పేరు కనబడాలి, పేగులు కనబడకూడదు. అందుకోసం సాఫ్ట్‌వేర్ లోపలికే వెళ్లి, సైన్, కాస్ సరసన దీన్నీ కూర్చోబెట్టాలి. బిల్టిన్ ఫంక్షన్ అంటే అదీ.

లోపలంతా లిస్ప్. 1958లో జాన్ మెకార్తీ ఎంఐటీలో తయారుచేసిన కంప్యూటర్ భాష. మా వాడు చూసి "ఇన్ని బ్రాకెట్లేంటత్తా, పైథాన్‌లో చేసుకుందాం" అన్నాడు. పైథాన్ ఇంకో కంప్యూటర్ భాష, అందులో సింపై అని ఇంకో మంచి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అక్కడ ఫంక్షన్ అనే తరగతి (క్లాస్, అంటే ఒక నమూనా) కింద మన ప్రమేయానికో తరగతి రాసి, అందులో ఎవాల్ అనే భాగంలో తెలిసిన జవాబులు చెప్పాలి. తెలియనప్పుడు ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చేస్తే చాలు, ప్రమేయం అలాగే ముడి విప్పకుండా నిలబడుతుంది. చక్కటి ఏర్పాటు. కానీ అప్పటికి నాకు లిస్ప్ మీద మోజు పుట్టింది. "రెండూ మూడూ కలుపు" అంటాం మనం, క్రియ చివర. లిస్ప్‌లో "కలుపు రెండు మూడు", క్రియ ముందు. మిగతాదంతా ఎవరి బ్రాకెట్లో వాళ్లు. వారంలో కళ్లు అలవాటు పడ్డాయి.

మాక్సిమాలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. అందులో ప్రతి ప్రమేయానికీ క్రియారూపం, నామరూపం అని రెండు రూపాలు. వాళ్లు నిజంగానే వ్యాకరణం మాటలే వాడారు, నేను కల్పించింది కాదు. "అవకలనం చెయ్యి" అంటే క్రియ, వెంటనే చేసేస్తుంది. "అవకలనం" అని ఊరికే పేరుగా చెబితే నామం, చెయ్యకుండా అలా పెట్టుకుంటుంది. లోపలి భాషలో క్రియకు ముందు డాలర్ గుర్తు, నామానికి ముందు శాతం గుర్తు. మనం బయట నుంచి పిలవగలిగేది డాలర్ ఉన్నదాన్నే. డాలర్ పెట్టడం మరిచిపోయి, రాసిన ప్రమేయం కనబడడంలేదని నేను ఒక పూటంతా వెతుక్కున్నాను. ఎనిమిదో క్లాసులో మా తెలుగు మాస్టారు చెప్పిన వ్యాకరణం అరవై దాటాక లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పనికొచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. నేను రాసిన క్రియ, సంఖ్య ఇస్తే లెక్కగట్టేది, అక్షరం ఇస్తే నామరూపంగా వదిలేసేది. బాగుంది. తర్వాత ఆ అక్షరం స్థానంలో 386 పెడితే? తొమ్మిదులు కొట్టేసిన 386 అని పేరుగానే ఉండిపోయింది, ఎనిమిది అనలేదు. ఎందుకంటే పిలిచినప్పుడు పనిచేయడం ఒక ఉద్యోగం. ఏ సమీకరణం మధ్యలో దాగి ఉన్నా, తనకు తెలిసిన విలువ చేతికి రాగానే లేచి పనిచేయడం ఇంకో ఉద్యోగం. మొదటిదాన్ని విలువ కట్టడం అనుకుంటే, రెండోది సూక్ష్మీకరణ. బడిలో "సూక్ష్మీకరించుము" అని ఒకే మాట కింద రెంటినీ కలిపేస్తాం, నేనూ కలిపేశాను. మాక్సిమాలో సూక్ష్మీకరించేవాడు ఒకడు ఎప్పుడూ కాపలా తిరుగుతుంటాడు. ప్రతి రాతనూ చూసి, పని అయినవాటి మీద సింప్ అని ముద్ర వేస్తాడు. ముద్ర ఉన్నదాని జోలికి మళ్లీ రాడు. మన ప్రమేయానికి సంబంధించిన నియమాలు ఆ కాపలావాడికి చెప్పి ఉంచాలి. పని పూర్తి కాకుండానే తొందరపడి మనమే ముద్ర వేసేస్తే, ఆ తప్పు అలాగే ఉండిపోతుంది, ఎవరూ తట్టి లేపరు. రేషన్ కార్డుల ఆఫీసులో ఫైలు సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నియమాలు చెప్పడంలో నాకు దురాశ ఎక్కువైంది. తొమ్మిదులు కొట్టేసినదాన్ని మళ్లీ కొట్టేస్తే మారదు, ఇది మంచి నియమం, ఇప్పటికీ ఉంది. రెండోది, నాన్న సూత్రం: రెండు సంఖ్యల లబ్ధానికి తొమ్మిదులు కొట్టేసినా, విడివిడిగా కొట్టేసి గుణించి మళ్లీ కొట్టేసినా ఒకటే. గణితంగా నూటికి నూరుపాళ్లు నిజం. అది కూడా కాపలావాడికి చెప్పాను. ఎ ఇంటూ బి ఇచ్చాను. విడివిడిగా కొట్టేశాడు, గుణించాడు. లోపల చూస్తే మళ్లీ ఒక లబ్ధం కనబడింది. మళ్లీ విడివిడిగా కొట్టేశాడు. మళ్లీ లబ్ధం. ల్యాప్‌టాప్ ఫ్యాను రైసుమిల్లులా మోగడం మొదలుపెట్టింది. మెమరీలో దానికిచ్చిన చోటు (స్టాక్) నిండిపోయి అదే ఆగింది, లేకపోతే నేను ప్లగ్గు పీకేదాన్ని. ఒక సమీకరణం నిజమైనంత మాత్రాన దాన్ని ఎడమ నుంచి కుడికి ఆగకుండా నడిపే ఆజ్ఞగా మార్చకూడదని ఆ రోజు తెలిసింది. ఆ సూత్రాన్ని కాపలావాడి దగ్గర తీసేసి, కావాలన్నప్పుడు మాత్రమే పిలిచే విడి ప్రమేయంగా పెట్టాను.

మూడోది ఇంకా సిగ్గుచేటు. తొమ్మిది కలిపితే జవాబు మారదు కదా అని, ఎన్ ప్లస్ తొమ్మిది వస్తే తొమ్మిదిని కొట్టెయ్యమని నియమం పెట్టాను. మా వాడు ఏమీ అనకుండా ఎన్ స్థానంలో సున్నా పెట్టాడు. నియమం ప్రకారం సున్నా వచ్చింది. కానీ సున్నా ప్లస్ తొమ్మిది తొమ్మిది. నాన్న పద్ధతిలో ఈ గొడవ లేదు. ఆయనకు తొమ్మిది అంటే పోయినట్టే, సున్నాతో సమానం. మనం ఇక్కడ ఎంచుకున్న లెక్కలో తొమ్మిదికి తొమ్మిది, సున్నాకు సున్నా. ఏది ఎంచుకున్నా తప్పులేదు. ఒకటి ఎంచుకున్నాక చివరిదాకా దానితోనే ఉండాలి. నేను పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఎంచుకున్నాను.

రుణ సంఖ్యల దగ్గర మా ఇద్దరికీ నిజంగా గొడవైంది. శేషం తీయడానికి లిస్ప్‌లో రెండు మాటలున్నాయి, మాడ్ ఒకటి, రెమ్ ఒకటి. ధన సంఖ్యలకు రెండూ ఒకటే. మైనస్ ఒకటిని తొమ్మిదితో భాగిస్తే మాడ్ ఎనిమిది అంటుంది, రెమ్ మైనస్ ఒకటి అంటుంది. పైథాన్‌లోని శాతం గుర్తు మాడ్ దారిలో నడుస్తుంది, సీ భాషలో అదే శాతం గుర్తు రెమ్ దారిలో నడుస్తుంది. ఒక గుర్తు, రెండు జవాబులు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ప్రోగ్రాం ఎత్తిరాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. తమాషా ఏమిటంటే నేను మొదట రెమ్ వాడి ఉంటే సున్నాకు సున్నా దానంతటదే వచ్చేది, నా తప్పు నాకు కనబడేదే కాదు. మైనస్ తొమ్మిది దగ్గర మాత్రం సున్నా వచ్చేది, మైనస్ పదికి మైనస్ ఒకటి వచ్చేది. అదెవరు చూస్తారు?

"మైనస్ ఇస్తే ఎర్రర్ చూపిద్దాం" అని మా వాడు. "ఎందుకురా, అలాగే పేరుగా వదిలేద్దాం, దానికి అర్థం మనం ఇంకా నిర్ణయించలేదు కదా" అని నేను. "వాడేవాడికి తప్పు చేశానని తెలియాలి కదత్తా" అంటాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి రుణ సంఖ్యలను పేరుగా వదిలేశాం, భిన్నాలకు ఎర్రర్ పెట్టాం. మూడు బై రెండుకు అంకెలు కూడమంటే అది నిజంగా అడిగినవాడి తప్పే.

ఆ తర్వాత పరీక్షలు. మాక్సిమాలో పరీక్షల ఫైలు చాలా సాదాగా ఉంటుంది. ఒక ప్రశ్న, దాని కింద రావాల్సిన జవాబు, మళ్లీ ప్రశ్న, మళ్లీ జవాబు. రన్ టెస్ట్‌సూట్ అని ఒక్క ఆజ్ఞ ఇస్తే ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో రాసిన పరీక్షలన్నీ వరసగా నడుస్తాయి. మన కొత్త ప్రమేయం వల్ల పాతవి ఏవైనా చెడితే అక్కడ తెలిసిపోతుంది. నా ఫైలులో 34 ప్రశ్నలున్నాయి. అందులో 20కి పైగా సున్నా చుట్టూనే. ప్రమేయం ఒక కాగితంలో సగం. పరీక్షలు మూడు కాగితాలు. వాడుక వివరణ రాయడానికి వీటన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఇంగ్లిష్‌లో ఒకటి రాసి, మా పిల్లల కోసం తెలుగులో ఒకటి రాశాను. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నేను వచనంలో ఒక పేజీ రాయడానికి ఆపసోపాలు పడ్డాను.

ఇప్పుడది నా కంప్యూటర్‌లో, అసలు ప్రోగ్రాం రాతతో (సోర్స్) కలిపి కట్టిన మాక్సిమాలో ఉంది. బయటికి ఇంకా పంపలేదు. పంపాలంటే వివరణ ఇంకొంచెం మెరుగుపెట్టాలి.

ఇంటికి ట్యూషన్‌కు వచ్చే ఇద్దరు ఆడపిల్లలకు ఇదంతా చూపించాను. ఇద్దరూ ఇంటర్ రెండో సంవత్సరం. ఒకమ్మాయి ఎంట్రన్స్‌ల టెన్షన్‌లో ఉంది, అయినా గంటసేపు కూర్చుంది. ఎన్ ఇచ్చినప్పుడు ప్రమేయం ఏమీ చెప్పకుండా ఊరుకోవడం చూసి, "అయితే దానికి మార్కు రాదు కదా మేడమ్" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. జవాబు తెలియకపోతే ఏదో ఒకటి గీకి రమ్మని చెప్పి పంపేది మనమే కదా. ఇంకో అమ్మాయి మాత్రం కీబోర్డు లాక్కుని సున్నా, తొమ్మిది, మైనస్ తొమ్మిది, తొంభై తొమ్మిది వరసగా కొట్టింది. ఎక్కడ విరుగుతుందో చూద్దామని. ఆ పిల్లకు ఏ ర్యాంకు వస్తుందో తెలియదు గానీ, అడగాల్సిన నాలుగు ప్రశ్నలూ సరిగ్గా అడిగింది.

ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లి, ల్యాబ్‌లో ఈ సాఫ్ట్‌వేర్ పెడితే వారానికొక గంట ఉచితంగా చెబుతానన్నాను. "సిలబస్‌లో లేదు మేడమ్" అన్నారు. ల్యాబ్‌లో ఖరీదైన విదేశీ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, లైసెన్సు మాత్రం లేదు. దొంగ కాపీ వాడుకుంటాం గానీ ఊరికే ఇచ్చేది వద్దంటాం. కాలేజీ పేరు రాయను, ఇలాంటిది అదొక్కటే కాదు.

మీ పత్రికకు నేను అడిగేది ఒక్కటే. మీ విద్యార్థుల పేజీలో ఎంట్రన్స్ బిట్లు రోజూ వేస్తున్నారు, వేయండి. వారానికి ఒక్కసారి ఒక అరకాలమ్‌లో ఇలాంటి చిన్న ప్రమేయం ఒకటి ఇచ్చి, ఎక్కడ విరుగుతుందో కనిపెట్టి రాయమని పిల్లల్ని అడగండి. సరి సంఖ్యా బేసి సంఖ్యా చెప్పే ప్రమేయమైనా చాలు. పెద్ద కంప్యూటర్ కూడా అక్కర్లేదు, మొదటి నెల కాగితం మీదే చేయొచ్చు. వచ్చిన జవాబులు దిద్దడానికి మనిషి కావాలంటే నేనున్నాను, పారితోషికం వద్దు. బొబ్బిలి, చీపురుపల్లి, పాలకొండ నుంచి ఉత్తరాలు వస్తాయని నా నమ్మకం.

ఒక పని మిగిలిపోయింది. తొమ్మిదికి దొరకని తారుమారు పదకొండుకు దొరుకుతుంది. కుడి నుంచి మొదలుపెట్టి ఒక అంకె కలిపి, తర్వాతిది తీసేస్తూ పోవాలి. రుణ సంఖ్య వస్తే పదకొండు కలుపుకోవాలి. 386కు 6లోంచి 8 తీసి 3 కలిపితే 1. 47కు 7లోంచి 4 తీస్తే 3. గుణిస్తే 3. సరైన జవాబు 18,142కు మైనస్ 8 వస్తుంది, పదకొండు కలిపితే 3, సరిపోయింది. నాన్న చిట్టాలోకి ఎక్కించిన 18,412కు మైనస్ 2, పదకొండు కలిపితే 9. దొరికిపోయింది. ఈ పదకొండు కూడా ప్రమేయంలో పెడదామంటే మా వాడు "సింపుల్‌గా ఒకటి అన్నావు కదత్తా" అని దణ్ణం పెట్టాడు. వచ్చే శనివారం మళ్లీ అడుగుతాను.

ఉత్తరం పొడుగైంది, కత్తెర మీ చేతిలో ఉంది. సున్నా భాగం మాత్రం ఉంచండి. ఇంకో మనవి. అచ్చు వేసేటప్పుడు 18,142, 18,412 ఎక్కడెక్కడ ఏది రాశానో సరిచూడమని ప్రూఫ్ చూసేవారికి చెప్పండి. తొమ్మిదులు కొట్టేసి చూస్తే దొరకవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్,
విజయనగరం
(పేరు వేయవద్దు. మేనల్లుడికి తెలిస్తే వాడి వాటా క్రెడిట్ అడుగుతాడు.)